ఏడో కాయితం

హలో… ఆ సిల్వీ, నేనే, బిల్లీని. ఇంట్ల నేను గాక నా ఫోను ఇంకెవరు ఎత్తుతరు?… లేదు, పండుకోలే. ఇయ్యాల నైట్ డ్యూటీ ఉన్నది గని నిద్రొస్తలేదు, గిప్పుడే ఇంత చాయ్ తాగుతున్న… కోఠికి చేరినవా?… చేరినవ్. మెడికల్ కౌన్సిల్ ఆఫీసుల టోకెన్ ఇచ్చిన్రా?… ఇరవై మూడు. ఇప్పుడు ఎంత నడుస్తున్నది?… పదకొండేనా! ఇంక మస్తు టైమున్నది గదా. మరి గట్ల ఆగమెందుకైతున్నవ్?…

ఏది లేదు?…

…ఇంటర్న్‌షిప్ పూర్తయిన సర్టిఫికెటా?

ఫైలులనే ఉండాలె గదా. మంచిగ సూడు… సూసినవా? మల్లొక్కసారి సూడు.

ఆగాగు, ఏడ్వకు. జనంల ఉన్నవ్. నేనొక్కొక్కటి అడుగుత, నువ్వు ఒళ్ళె పెట్టుకొని సూసుకో. పదో తరగతి మెమో?… ఉన్నది. ఇంటర్ మెమో?… పరాయి దేశం పోయి బిష్కెక్‌ల సదివిన డాక్టరు డిగ్రీ, మార్కుల కాయితాలు?… పాస్‌పోర్టు, పోయినప్పటి ముద్రలు, వచ్చినప్పటి ముద్రలు?… ఆ. ఇగ ఐదోది, బయట సదివొచ్చినోళ్ళు ఈడ రాసేటి పరీక్ష పాసైన సర్టిఫికెట్?… గదైతే ఉంటదిలే. గది మర్సిపోయేటి కాయితమా! ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్?… ఉన్నది. ఏడోది…

ఏడోది లేదు. హూఁ.

నాకెట్ల ఎర్కంటవేంది? లిస్టంత నాకు నోటికొస్తది. నా పచ్చ ఫైలు గిట్లనే సర్ది పెట్టుకున్న గదా, రెండేండ్ల సంది. నాలుగు కాయితాల దాంక ఉన్నయి. ఐదో అర కాడికెళ్ళి అంత ఖాళీ… ఏం లేదు. ఊకెనే అన్న.

సూస్తున్న, సూస్తున్న. ఇగో అల్మారా తీసిన, సప్పుడు ఇనవడ్తలేదా?… నీ చీరెల కింద లేదు. కింది అరల లేదు… సూట్‌కేసులనా? ఒక్క నిమిషం… లేదు సిల్వీ. ఇల్లంత పీకి పందిరేసినా లేకుంటే నేనేం చెయ్యాలె?

అయినా రాత్రి నువ్వే సర్దుకున్నవ్ గదా. మంచం మీద ఏడు కాయితాలు పరిచి, పెండ్లి బట్టలు సూసుకున్నట్టు సూసుకుంటివి. నాలుగుసార్లు ఎంచినవ్… నేను గోడ దిక్కు మల్లి పండుకున్న గని నిద్రవట్టలేదు, అన్ని సూసిన… కోపమేంది? కోపమేం లేదు. ఉన్నది చెప్పిన.

ఇయ్యాల కాకుంటే ఇంకో తారీఖు తీసుకో. గీ ఒక్క దినానికి కొంపలేం మునుగుతయి?… రేపే జాయినింగ్, నాకెర్కే. జిన్నారం మందుల కంపెనీల డాక్టరమ్మ పోస్టు… రిజిస్ట్రేషన్ నంబరు లేకుంటే రానియ్యరా?… ఇంకొకాయనను వెయిటింగుల పెట్టిన్రా? అబ్బో! పెద్ద కంపెనీ, పెద్ద ముచ్చట్లు.

ఎటకారం కాదు.

ఎటకారం కాదంటున్న గదా!…

సరే, ఉన్నది. అడిగినవ్ గాబట్టి చెప్తున్న, ఉన్నది. కడుపుల మంట ఉన్నది. దాసుకుంటె దాగుతదా?

ఏం జేసినవా? నువ్వేం జెయ్యలె, గదే కదా బాధ. మొన్న ఆయితారం చర్చిల ఏమైంది చెప్పు. పాస్టరుగారు నిన్ను ముందటికి పిలిచి సాక్ష్యం చెప్పమన్నరు. నువ్వు చెప్పినవ్, అందరు సప్పట్లు గొట్టిన్రు. మంచిదే. గాడికి ఊకోవచ్చు గదా? మల్ల పాస్టరుగారే మైకు తీసుకొని, 'మన సిల్వియా డాక్టరమ్మ భర్త బిల్లీ కొరకు గూడ ప్రార్థన చేద్దాం, ఈసారన్న ప్రభువు ఆయనకు ఆ పరీక్షల జయమియ్యాలె' అన్నరు. మూడొందల మంది కండ్లు మూసుకున్నరు. తెరిసి ఉన్నయి నాయి ఒక్కటే. సూస్తే, పిల్లలు సుత సేతులు జోడిచ్చి గట్టిగ మొక్కుతున్నరు, నా గురించి!

మంచి మనసుతోనే, నేను కాదన్నానా? ఐదుసార్లు మంచి మనసుతోనే మొక్కిన్రు. ఐదుసార్లు నేను ఫెయిలైన.

చర్చి ఒక్కటేనా? కూరగాయల నర్సింహమ్మకు ఏం తెల్వదు పాపం, ఆమెకు గూడ నా లెక్క ఎర్కే. టమాటలు జోకుకుంట, 'మీ ఇంటామెదైతే అయిపాయె, నీదెప్పుడు బిడ్డా?' అంటది. సంచి ఆడనే పారేసి రావాలనిపిస్తది.

నర్సింగ్‌హోంల నన్నేమని పిలుస్తరు ఎర్కేనా? 'తమ్మీ'. 'తమ్మీ, డాక్టర్‌సాబ్ వచ్చేదాంక జెర బీపీ సూడు.' ఆరేండ్లు సదివిన సిల్వీ నేను. జ్వరం గోలీ గూడ నా చేత్తోని రాసియ్యొద్దు. రాస్తే నేరం. నువ్వు రేపటి సంది రాస్తవ్.

నువ్వు కష్టపడలేదని ఎవరన్నరు? గని నీకు మందుల పాఠం ఎవరు చెప్పిన్రు? బిష్కెక్‌ల హాస్టల్ వంటరూముల, బయట మంచు వడుతుంటే, గిన్నె మీద గంటెతోని కొట్టుకుంట పాటలెక్క కట్టి చెప్పిన్నా లేదా?… ఒప్పుకుంటవ్. అందరి ముందట ఒప్పుకుంటవ్, 'అంత మా ఆయన నోట్సే' అంటవ్. నువ్వు గట్ల అన్నప్పుడల్ల నాకు ఒళ్ళు మండుతది. నా నోట్సు సదివినదానికి నూట డెబ్బై రెండు. రాసినోనికి నూట నలభై ఆరు. పాసుకు నూట యాభై. నాలుగు మార్కులు! నాలుగంటే నాలుగు!

నీ రిజల్టొచ్చిన దినం యాదికున్నదా? నా ముందట నువ్వు నవ్వలె. బాత్రూంలకు పోయి నల్లా ఇప్పి, లోపట నవ్వుకున్నవ్. నాకు ఇనవడ్డది… నేను బాధ వడ్తనని దాసుకున్నవ్, ఎర్కే. నా మీద ఎగిరి దుంకి నవ్వినా నేను ఓర్సుకుందును. నువ్వు జాలి వడితివి సూడు, గది నాకు అరగలె.

…ఇప్పుడు ఇయ్యన్ని వద్దు, సరే. ఎంత నడుస్తున్నది?… పదిహేను.

ఎవరు? మా అమ్మనా? అమ్మకేం ఎర్క నీ కాయితం గురించి?… నిన్న పాత పేపర్లు అమ్మింది, ఔ. గల్లీ సివర లింగం స్క్రాప్ దుకాణంల ఏసొచ్చింది… అల్మారా మీదియి గూడ తీసిందా? తీసిందేమో.

ఏమో సిల్వీ. అండ్లనే పోయిందేమో. నేనేం చెప్త?

ఉండు, అమ్మ ఈడికే వస్తున్నది, ఇన్నది… ఏం లేదమ్మా. సిల్వీ కాయితమొకటి కనవడ్తలేదంట. నువ్వు నిన్న పేపర్లు… లేదమ్మా, నిన్నెవరేమంటలేరు… అమ్మా, కూసో.

సిల్వీ, గట్టిగ అరవకు, ఆమెకు ఇనవడ్తున్నది… సూడకుండ ఏసేసిన బిడ్డా అంటున్నది. ఫోనుకు దండం వెడుతున్నది… నాయినా, నువ్వెందుకు లేస్తున్నవ్?… లింగం దుకాణానికా? గీ ఎండలనా? మోకాళ్ళ నొప్పులని రాత్రంత మూలిగినవ్ గదా, ఆగు నాయినా, నేను… పోయిండు. సెప్పులు గూడ సరిగ ఏసుకోలె.

పోయిండు సిల్వీ. మూటలన్ని ఇప్పించి ఎతుకుతడంట. మా పంతులు సారు ఎంత పనోడో నీకెర్కే గదా, రిటైరై తొమ్మిదేండ్లయినా పరీక్ష పేపర్లు దిద్దినట్టే చేస్తడు. ప్రతి కాయితం తిరగేస్తడు ఇగ.

ఆ… ఇంటున్న… పదహారా?

అమ్మా? అమ్మా, ఏం జేస్తున్నవ్? లే. మోకాళ్ళ మీద ఎందుకు ఉన్నవ్?… సిల్వీ, అమ్మ ప్రార్థన చేస్తున్నది. 'నా కోడలి నోటికాడి ముద్ద తీసిన, తండ్రీ, నా తప్పు క్షమించు' అంటున్నది. ఆమె… నుదురు నేలకు ఆనిచ్చి…

సిల్వీ.

సిల్వీ, ఒక్క నిమిషం, లోపలి రూములకు వచ్చి తలుపేసిన, అమ్మకు ఇనవడది. నా మాట ఇను. లింగం దుకాణంల దొరకది… ఎందుకంటే ఆడ లేదు.

నాతాన ఉన్నది.

నా పుస్తకంల ఉన్నది. పరీక్ష ప్రశ్నల లావు బుక్కున్నది సూడు, దాన్ల. నువ్వు పాసైనంక దాన్ని ముట్టుకోవు గదా… రాత్రి. నువ్వు ఎంచుడు అయిపోయి పండుకున్నంక… కావాలనే తీసిన. ఔ, కావాలనే. చింపలె. మడత గూడ వెట్టలె, ఒట్టు… ఇప్పటిదాంక ఆ అల్మారా సప్పుడంత ఉత్తదే. నీ చీరెలు నేను కదపనే లేదు.



తిట్టు. ఏమన్న అను.

ఎందుకంటవా? ఏం చెప్పాలె… నాకే సమజైతలేదు. పొద్దున నువ్వు ఆటో ఎక్కుతుంటే పరుగెత్తుకొచ్చి ఇద్దామనుకున్న. చేతుల పట్టుకొని గేటు దాంక వచ్చిన. గప్పుడు పక్కింటామె, 'డాక్టరమ్మా, ఆల్ ది బెస్ట్' అన్నది. నేను పక్కనే నిలవడ్డ, నన్నేమనలె. మల్ల లోపటికి పోయిన… ఇంకొక్క దినం మనిద్దరం ఒక్క తీరు ఉండాలనుకున్న. నంబరొస్తే నువ్వు డాక్టరువు, నేను తమ్మీని. గంతే సిల్వీ. ఓర్వలేదు. నీ మీద నాకు పానం, గని ఓర్వలేదు.

అమ్మను అనిపిచ్చిన, ఔ. నువ్వు ఆమె పేరు తీస్తే నోరు మూసుకున్న. గది పాపమే.

ఇను, బండి తీస్తున్న. పన్నెండున్నర లోపల కోఠిల ఉంట. సిగ్నళ్ళు గూడ సూడ, దేవుని… ఏంది?… నేను రావొద్దా?

నా చేతికి ఇస్తే నమ్మవా? సిల్వీ, నేను తెస్త అంటున్న గదా… సరే. సరే, అరవకు. మరెవరు తేవాలె?… నాయిననా? ఆయన బండి మీద కూసోలేడు… కారు బుక్ చెయ్యాల్నా? చేస్త. ఇప్పుడే చేస్త. నాయినకు నీ ఫోన్ నంబరు చీటీ మీద రాసిస్త, ఆఫీసు గేటు కాడ నువ్వే దించుకో.

మరి ఫోను పెట్టేస్తున్న… పెట్టొద్దా? ఎందుకు?

…నేనే దాసిన్నని అమ్మకు, నాయినకు చెప్తుంటె నువ్వు ఇనాల్నా?

సిల్వీ, గదొక్కటి అడగకు. నీ కాళ్ళు మొక్కుత. దొరికిందని చెప్త. అల్మారా ఎనకాల వడ్డదని చెప్త, అందరు సల్లగుంటరు. అమ్మకు బీపీ ఉన్నది, నాయిన ఈ మాట ఇంటే నా మొఖం సూడడు. బడిల కాపీ కొట్టిన పిల్లలను క్లాసుల నిలవెట్టినోడు ఆయన… లేకుంటే?… లేకుంటే ఇయ్యాల ఇంటికి రావా?

ఎటు పోతవ్?… మీ అమ్మోళ్ళింటికి.

…

గేటు సప్పుడయింది. ముందటి రూములకు వస్తున్న. నాయిన… ఉత్త చేతులతో వచ్చిండు. కండ్లద్దాలు మర్సిపోయిండంట. లింగం అన్ని మూటలు ఇప్పిండంట, అచ్చరాలు కనవడక మల్ల వచ్చిండు. చేతులు నల్లగయినయి సిల్వీ. చెమటకు అంగీ పెయ్యికి అంటుకున్నది.

ఆ. ఉన్న. పెట్టలె.

అమ్మా, లే. ప్రార్థన ఆపు… ఆపమంటున్న గదా, లే ముందు. నీ తప్పేం లేదు. నాయినా, కండ్లద్దాలు ఎతకకు. కాయితం ఇంట్లనే ఉన్నది… లేదు నాయినా, దొరుకుడు కాదు. పోతే కదా దొరకనీకె. నేనే దాసిన… నేనే. బిల్లీని. రాత్రి ఆమె ఫైలుల కెళ్ళి తీసి నా బుక్కుల పెట్టిన… అమ్మ దాన్ని పేపర్లల్ల ఏసి అమ్మలె, ముట్టనే లేదు. ఆమె ఏడుస్తుంటే నేను ఊకున్న.

ఎందుకంటవా? ఓర్వక నాయినా. సిల్వీకి నంబరొస్తదని ఓర్వక.

…కొట్టు. కొట్టినా మంచిదే… కొట్టవా?

ఇగో, ఇదే. ఈ కవర్ల పెట్టిన. ముద్ర ఉన్నది, సంతకమున్నది, సూసుకో. కారు బుక్ చేసిన, ఆరు నిమిషాలల్ల వస్తది. కోఠిల గేటు కాడ ఆమె నిలవడి ఉంటది… నేను రావద్దన్నది నాయినా. నువ్వే పోవాలె.

సిల్వీ, చెప్పిన. ఇద్దరికి చెప్పిన. ఇన్నవా?…

సిల్వీ?

…

ఏమనలేదమ్మా. పెట్టేసింది.