ఏసుపాదం తీసేసిన పట్టీ

ఆ ఇనప పట్టీనా? ఉండనీ శ్యామ్, ముట్టుకోకు, తుప్పు అంటుకుంటుంది. అది ఏసుపాదం అన్న కారుది. నువ్వు ఇందాక ఏమన్నావు, నీ పాత కారుకి గట్టి స్ప్రింగులు తెప్పించానన్నావు కదూ? కేటలాగ్‌లో అన్నిటికన్నా గట్టివి? ఆఁ, నవ్వు నవ్వు. నేనూ సరిగ్గా ఆ మాటే అన్నాను, డెబ్భై తొమ్మిదిలో. ఇలా కూర్చో, ఆ స్టూలు లాక్కో. ఏసుపాదం అంటే బెజవాడ ఆటోనగర్ మనిషి. వాళ్ళ నాన్న లారీల కమాన్ కట్టలు, అదే ఇలాంటి పట్టీలు పేర్చిన స్ప్రింగులు, కట్టేవాడు. వాళ్ళావిడ కరుణమ్మ వదినకి ఈ దేశంలో, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాల వచ్చాడు. పెట్రోలు ధర మండిపోయి జనం పెద్ద ఇంజను కార్లు వదిలించుకుంటున్న రోజులవి. ఈయనకి అలాంటిదొకటి కారుచౌకగా దొరికింది. ఎర్రది, ఇంత పొడుగు మూతి. తిన్నగా పొమ్మంటే బాణం, తిరగమంటే దున్నపోతు.

ఆ ఏడు వానల్లో వదిన డ్యూటీ దిగి వస్తోంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఫ్రీవే దిగే ర్యాంపు ఉందే, ఆ వంపులో బండి తోక విసిరి గిర్రున తిరిగి, వచ్చే కార్లకి ఎదురుగా నిలబడింది. దెబ్బ తగల్లేదు. కానీ మర్నాడు తాళం ఆయన చేతిలో పెట్టి, "ఏమండీ, ఇక నేను స్టీరింగ్ పట్టను" అంది. ఈ ఊళ్ళో కారు నడపకపోతే ఉద్యోగం ఎక్కడిది? ఈయన దించి రావాలి, తేవాలి. నెల తిరిగేసరికి ఇద్దరికీ ఆలస్యాలే, ఇద్దరికీ చీవాట్లే. చర్చిలో అందరూ అమ్మెయ్యమన్నారు. నేనూ అన్నాను. "బండి అమ్మితే బండి పోతుంది దామోదరా, భయం పోదుగా? ఈ బండితోనే పోవాలి" అన్నాడు. నేను మొండివాణ్ణంటారు గానీ, ఆయన ముందు నేనెంత!

బండిని వంపుల్లో కుదురుగా తిరిగేలా మార్చాలి, రోడ్డు మీద పరీక్షిస్తే పోలీసు పట్టుకుంటాడు. అందుకని శనివారాలు రేసు ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళం, ఎవరి కారు వాళ్ళు తోలుకోవచ్చు. మొదటిసారి ఇద్దరం కలిసి వెనక కమాన్లకి రెండేసి పట్టీలు ఎక్కించాం. మన లారీ బుద్ధి అంతే కదా, కుంగిందా, పట్టీ వెయ్యి. వంపులో ఆ కారు గాడిద పిల్లలా ఎగిరి, గిర్రున తిరిగి గడ్డిలో పడింది. అక్కడ వాల్టర్ అని ఒక తెల్లాయన, కార్లు తనిఖీ చేసేవాడు, "ఇది నడపడానికా, దున్నడానికా?" అన్నాడు. ఏసుపాదం ఏం చేశాడనుకున్నావ్? తర్వాతి వారం డిక్కీలో పది బియ్యం బస్తాలేసుకొచ్చాడు. చెప్తే నమ్మవు, బండి కుదురుగా తిరిగింది! రెండో రౌండు అవ్వగానే వాల్టర్ డిక్కీ తెరిపించాడు. "ఏంటిది, వంటకొచ్చావా? వదులు సామాను ఉండకూడదు, తియ్" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ఈయన మాత్రం నవ్వలేదు, బస్తా మీద కూలబడి అలాగే ఆలోచించాడు. "లోడు లేని బండికి లోడు కమాను కట్టాను. మా నాన్న ఉంటే చెప్పుచ్చుకు కొట్టేవాడు. పట్టీ పీకు" అన్నాడు. "ఊగిపోద్దన్నా, నేను పీకను పో" అన్నాను. "ఊపు ఆపాల్సింది షాక్ అబ్జార్బరు. కమాను పని చక్రాన్ని నేలకి అంటించి ఉంచడం" అని తనే పీకాడు. మేం వేసిన రెండేసీ తీసి, దానితో వచ్చినవాటిలోనూ ఒక్కోటి తీశాడు. మంచి షాకులు వేశాడు, వంపులో బండి ఒరగకుండా ముందు వైపు లావు కడ్డీ అడ్డంగా బిగించాడు. అయితే వారానికి ఒక్కటే మార్పు. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదంటాడు. నాకు రాత్రి బడిలో వచ్చిన నాలుగక్షరాలూ అప్పుడు పనికొచ్చాయి. ఆయన చెప్పేవాడు, నేను పుస్తకంలో రాసేవాణ్ణి. పదకొండు శనివారాలు.

పన్నెండో వారం వదినని తీసుకొచ్చాడు. ఆవిడ కళ్ళు మూసుకుని పక్క సీట్లో కూర్చుంది. మూడు రౌండ్లయ్యాక, "దిగండి" అంది. ఆయన దిగాడు. ఒక్కతే వెళ్ళింది. మొదట పెళ్ళి ఊరేగింపులా మెల్లగా పోయింది. నాలుగో రౌండులో పెద్ద వంపులోకి వేగంగానే వచ్చింది, బ్రేకు తొక్కలేదు. తోక కాస్త కదిలి, మళ్ళీ కూర్చుంది. ఈయన కంచె పట్టుకుని అటు చూడనేలేదు, తల దించుకుని టైర్ల చప్పుడు వింటున్నాడు. ఆవిడ వచ్చి అద్దం దించింది. బాగుందంటుందేమోనని ఇద్దరం నోరు తెరుచుకుని నిలబడ్డాం. "ఏమండీ, ఎడం వైపు ఇంకాస్త మెత్తగా ఉండాలి" అంది. ఆయన నావైపు తిరిగాడు. "రాయి దామోదరా" అన్నాడు.

ఎనభై ఏడులో పోయాడు, గుండెపోటు. సమాధుల తోటకి ఆ ఎర్ర కార్లోనే వెళ్ళాం. వదినే నడిపింది, నేను పక్కన. వాన. అదే ర్యాంపు. నా కాలు దానంతటదే బ్రేకు కోసం వెతుక్కుంది గానీ, ఆవిడ కాలు అటు పోనేలేదు.

సరే గానీ, ఆ స్ప్రింగుల డబ్బా విప్పావా? విప్పకు. వెనక్కి పంపెయ్.