ఎలకల బోను స్ప్రింగు

ఆదెమ్మకి తిరునాళ్ల రోజు పొద్దున్నే నోట్లోకి ముద్ద పోలేదంట. ఎందుకంటావా? పుట్టింటి నించి అన్న చెంచురామయ్య దిగాడు గదా, తిరునాళ్ల చూడటానికి! కొత్త మోటారు సైకిలు మీద వచ్చాడు, అది తళతళా మెరిసిపోతా ఉంది. వచ్చినోడు కుదురుగా కూర్చోవద్దా? ఆదెమ్మ మొగుడు పిచ్చయ్యకి ఒక పాత డుబుడుబు బండి ఉండేదనుకో. వాళ్ల నాయన కొన్న బండి, వయసులో ఆదెమ్మ కంటే పెద్దది. దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "ఏం బావా, ఈ తుప్పుని ఇంకా ఇంట్లో ఉంచుకున్నావా? పాత సామాన్లోడికేస్తే ఉల్లిపాయలన్నా ఇస్తాడు" అన్నాడంట. పిచ్చయ్యకి రోషం పొడుచుకొచ్చింది. ఆ ఊరి తిరునాళ్లలో సాయంత్రం మెల్ల పందెం పెడతారు. అంటే ఏంది, బండి ఎంత నిదానంగా పోతే అంత గొప్ప, కాలు కింద ఆనకూడదు, అందరికంటే వెనకొచ్చినోడే గెలిచినట్టు. "రా బావా, ఆ పందెంలో ఈ తుప్పుతోనే నిన్ను ఓడిస్తా. నేనోడితే రేప్పొద్దున నా చేతుల్తో ఉల్లిపాయలకి ఏసేస్తా" అన్నాడు పిచ్చయ్య. "నేనోడితే మైకు పట్టుకోని, ఇది తుప్పు కాదు బంగారం అని ఊరందరి ముందర చెప్తా" అన్నాడు చెంచురామయ్య. చేతిలో చెయ్యి ఏసుకున్నారు. ఇదంతా ఆదెమ్మ చెవిన పడింది. పెళ్లయిన రోజు ఆ బండి ఎనక కూర్చోనే గదమ్మా ఆమె కాపరానికొచ్చింది! అది పోతే ఎట్టా? అన్న మీద కోపం, మొగుడి మీద ఇంకా కోపం, ఎవర్నీ ఏమీ అనలేక గిన్నెలు దడదడా తోమేసిందంట.

ఏమైందంటే, చెంచురామయ్య ఎడ్ల పందేలు చూడటానికి అటు పోయాడు, పిచ్చయ్య ఒకసారి తోలి చూసుకుందామని బండి బయటికి తీశాడు. కాలితో ఎనక బ్రేకు తొక్కాడు. టంగుమంది. తొక్కిన పెడలు కిందికి పోయింది గానీ మళ్లీ పైకి రాలా. దాన్ని పైకి గుంజే స్ప్రింగు రెండు ముక్కలయి పడుంది. పెడలు పైకి రాకపోతే ఏమవుద్ది? బ్రేకు పట్టుకోనే ఉంటది, బండి కదలదు. పిచ్చయ్య మొహం మాడిపోయింది. "ఆదే, అయిపోయిందే. తిరునాళ్ల రోజు ఒక్క కొట్టూ తియ్యరు, స్ప్రింగు ఏడ తెచ్చేది?" అని అరుగు మీద కూలబడ్డాడంట. ఆదెమ్మ ముందు తిట్టింది. బాగా తిట్టింది, అయ్యన్నీ నేను చెప్పకూడదులే, ఆడపిల్లలున్నారు ఇక్కడ. తిట్టి తిట్టి ఇంట్లోకి పోయి చూస్తే మూలన ఎలకల బోను కనపడింది. మూత టప్పున పడటానికి దానికో స్ప్రింగు ఉంటది చూడు, అది! ఆ ఇంట్లో ఎలకలు మామూలుగా ఉండవు, పడుకున్నోళ్ల కాలిగోళ్లు కొరుకుతాయి. అయినా ఆదెమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "ఒక్కరోజు ఎలకలు బతికితే బతకనీ" అని స్ప్రింగు ఊడబీకేసిందంట.

ఊడబీకితే అయిందా? తగిలించొద్దూ! ఒక కొక్కెం పెడలుకున్న బెజ్జంలోకి పోయింది. రెండో కొక్కెం బండి కమ్మీకున్న మేకుకి తగలాలి. ఇంకా జానెడు దూరం ఉంది, స్ప్రింగు చూస్తే మొండిది. పిచ్చయ్య పట్టకారుతో పట్టి గుంజాడు. గుంజి గుంజి, ఇంకాస్త, ఇంకాస్త అంటన్నాడు, జారింది! టింగుమని పైకెగిరి, పిచ్చయ్య ముక్కు పక్కనించి పోయి, గేదె కుడితి తొట్లో బుడుంగుమంది. ఆదెమ్మ పైట బిగించి తొట్లో చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా పెట్టింది, భుజం దాకా పెట్టింది, తవుడు, గంజి, ఎప్పుడో పోయిన గరిట కూడా దొరికింది గానీ స్ప్రింగు దొరకలా. గేదె చూస్తా ఉందంట, ఈమెకేమైందబ్బా అని. నవ్వమాకరా, ఆమెకి ఏడుపొస్తంటే! చివరికి అడుగున వేలికి తగిలింది. "దొరికింది, దొరికింది!" అని కేకేసింది. 

పిచ్చయ్య మళ్లీ పట్టకారు తీస్తే, "ఆగు, నీ గుంజుడు నాకొద్దు. నులక మంచం బిగించేటప్పుడు ఏం చేస్తాం? పట్టెకి కాలు తన్నిపెట్టి తాడు లాగుతాం గదా. ఇదీ అంతే" అందంట. దూడ పలుపు తెచ్చింది, కొక్కెంలోకి దూర్చింది, బండిని స్టాండు మీద నిలబెట్టించి కమ్మీకి పాదం తన్నిపెట్టింది. "నేను లాగుతా, నువ్వు కొక్కేన్ని మేకు మీదికి తొయ్యి" అంది. లాగింది. స్ప్రింగు కిర్రుమంది. "ఇంకొంచెం ఆదే!" అంటన్నాడు. పళ్లు బిగబట్టి ఎనక్కి వాలింది. "పడిందే!" అన్నాడు. నిజంగానే పడింది. పెడలు తొక్కితే కిందికి, వదిల్తే టప్పున పైకి, అచ్చం బోను మూత పడ్డట్టే! ఆదెమ్మకి ఆనందం పట్టలేక మొగుడి వీపు మీద ఒక్కటి చరిచిందంట. ఆ సంబరంలో అన్న మీద కోపం కూడా పోయింది. వదినకని చేసిన సున్నుండలు మూట కట్టి, అన్న సంచిలో కొత్త జరీ పంచె మడతల మధ్యన పెట్టింది, నలగకుండా ఉంటయ్యని.

సాయంత్రం పందెం. జనం చూడాలి, ఇసకేస్తే రాలదు! మిగతావాళ్లందరూ మధ్యలోనే కాళ్లు ఆనించేశారు. బావా బావమరుదులిద్దరే మిగిలారు. డుబు... డుబు... డుబు... అని పాత బండి కదిలీ కదలనట్టు వస్తా ఉంది. పిచ్చయ్య తొక్కుతాడు, వదుల్తాడు. టప్, టప్, టప్. ఆదెమ్మకి ఆ చప్పుడొక్కటే వినపడతా ఉంది. తల్లీ ఊడకుండా చూడు, ఊడకుండా చూడు అని చీర కొంగు నమిలేస్తా ఉంది. చెంచురామయ్య బండేమో దూకుడుది, ముందుకి పోతానంటది. బావ ఎంత ఎనకున్నాడా అని మెడ తిప్పి చూశాడు. అంతే, బండి ఒరిగింది, కాలు కింద ఆనింది! ఈలలు, కేకలు! ఆదెమ్మ అన్న ఓడిపోయాడని కూడా మర్చిపోయి ఎగిరి గంతేసిందంట.

చెంచురామయ్య మాట తప్పే మనిషి కాదు. చెల్లెలింటికి పోయి స్టేజీ ఎక్కడానికని గబగబా జరీ పంచె కట్టుకోనొచ్చి మైకు పట్టుకున్నాడు. "ఇది తుప్పు కాదు, బంగారం" అన్నాడు. స్టేజీ ఎనకున్నోళ్లు పకపకా నవ్వారు. వినపడలేదేమో అనుకోని ఎనక్కి తిరిగి వాళ్లకి కూడా గట్టిగా చెప్పాడు, "బంగారం!" ఈసారి ముందరోళ్లు నవ్వారు. ఆదెమ్మ పరిగెత్తుకుంటా పోయి, "అన్నా, పంచె!" అంది. చెయ్యి ఎనక్కి పెట్టి చూసుకున్నాడు. సున్నుండల కోసం వచ్చిన ఎలకలు పంచెకి ఇంత బొక్క పెట్టినయ్, చారల డ్రాయరు ఊరంతా చూసింది. మైకు చేతిలో ఉందన్న సంగతి మర్చిపోయి, "చెల్లా, మీ ఇంట్లో బోను లేదా?" అని అరిచాడు. "ఉందన్నా, దానికి స్ప్రింగు లేదు" అంది. "ఏమైంది?" అన్నాడు. ఆదెమ్మ బండి వంక వేలు చూపించిందంట.

ఆ స్ప్రింగు ఇప్పటికీ ఆ బండికే ఉంది. కొత్త బోను కొనుక్కురమ్మని ఆదెమ్మ అడుగుతానే ఉంది, రేపు రేపు అని పిచ్చయ్య అంటానే ఉన్నాడు. ఆ ఇంటి ఎలకలు మాత్రం పొద్దున్నే లేచి ముందు ఆ బండికి దణ్ణం పెట్టుకోని, తర్వాతే గాదెలోకి పోతన్నాయంట. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ పంచెలు మీరు చూసుకోండి.