ఇస్త్రీ చేస్తానన్న చొక్కా

నీ ప్యాంటేనా? రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు, తప్పకుండా ఇస్తాను. గుండీలే మిగిలాయి. ఎలాగూ వచ్చావుగా, ఆ స్టూలు మీది గుడ్డలు పక్కకు జరిపి కూర్చో. ఏ ఫోటో? అదా, మీ అమ్మ పెళ్ళిది. ఆఁ, మధ్యలో నిలబడింది మీ తాతే, మా అన్నయ్య. చొక్కా ఎందుకలా నలిగిపోయి ఉందంటావా. చూశావా, నీక్కూడా ముందు అదే కనపడింది. దర్జీ దుకాణం పెట్టుకున్న మనిషి, సొంత కూతురి పెళ్ళికి, మూటలోంచి లాగిన చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. పక్కన నేను, కడక్ ఇస్త్రీలో. ఇద్దరిదీ ఒకటే దుకాణమంటే ఎవరైనా నమ్ముతారా? అంతా మీ అమ్మమ్మ చలవే. నువ్వావిణ్ణి చూళ్ళేదుగా, బతికిపోయావు. అంటే మంచిది కాదని కాదురా. మంచిదే. అంత మంచి మనిషితో ఒకే దుకాణంలో పని చేసి చూడు, తెలుస్తుంది.

అదిగో, ఆ తెర వెనకాలే ఆవిడ బల్ల. కాజాలు కుట్టడం, గుండీలు, ఇస్త్రీ, అంతా ఆవిడే. బొగ్గుల పెట్టె అప్పట్లో, చెయ్యి పడిపోయేంత బరువు. పనికి వంక పెట్టడానికి లేదు. నోటితోనే వచ్చింది తంటా. మన మెన్నోనైట్ సంఘంలో ఒట్టు పెట్టుకోకూడదు, నీకు తెలుసుగా. కోర్టుకెళ్ళినా సరే. ఔనంటే ఔనే, కాదంటే కాదే, మన నోటి మాటే ఒట్టంత గట్టిగా ఉండాలని. బానే ఉంది, నేనూ వయసొచ్చాక అందరి ముందూ నిలబడి ఒప్పుకుని బాప్తిస్మం తీసుకున్నవాణ్ణే. కానీ ఆ సంగతి గుడిలో ఉంచాలా, దుకాణంలోకి పట్టుకురావాలా? గిరాకీ వచ్చి, "నా కోటు అయిందా?" అంటాడు. నేను, "రేపు సాయంత్రం తప్పకుండా సార్, గుండీలే మిగిలాయి" అంటాను. వెంటనే తెర వెనకాల నుంచి మెత్తగా ఓ గొంతు, "ఇంకా కత్తిరించలేదండీ." ఏం చెయ్యాలి చెప్పు? ఆయన నా మొహం చూస్తాడు, నేను టేపు మెడలోంచి తీసి మళ్ళీ మెళ్ళో వేసుకుంటాను. ఆయన గుడ్డ తీసుకుని పోయాక, "వదినా, అది అబద్ధం కాదు, ఆలస్యం" అని మొత్తుకునేవాణ్ణి. మీ తాత కూడా, "అవునే, ఆలస్యం వేరు, అబద్ధం వేరు" అనేవాడు. "ఆలస్యమవుతుందని తెలిసి రేపంటే, రెండూ ఒకటేనండీ" అనేది. కోపంగా అనదు, అదీ మంట. కోపంగా అంటే తిరిగి ఓ మాట అనొచ్చు.

మీ అమ్మ చిన్నప్పుడు ఓసారి బడి నుంచొచ్చి, "నేను కొట్టలేదు, అమ్మతోడు" అంది. పిల్లలన్నాక అంటారు. ఈవిడ పెట్టె పక్కన పెట్టి, "నా మీద ఒట్టెందుకమ్మా, నువ్వు చెబితే చాలదా?" అంది. అంతే, ఆ పిల్ల ఏడుపు లంకించుకుని, కొట్టానని ఒప్పేసుకుంది. ఇంకోటి విను. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆదివారం మన గుడిలో ఒకరి కాళ్ళు ఒకరు కడుక్కుంటారా, ఈవిడ వెతుక్కుంటూ పోయి ఎవరి కాళ్ళు కడిగిందనుకున్నావ్? ఎదురు దుకాణం దర్జీ భార్యవి. మన గిరాకీని మొత్తం ఊడ్చుకుపోయినవాడి భార్య. కడిగి ఊరుకుందా, ఇంటికొచ్చి, "పాపం వాళ్ళ మిషను పాడైందట, మన మూడోది ఇద్దామా" అంది. ఇచ్చాం. ఇప్పటికీ రాలేదది.

సరే, ఏం చెబుతున్నాను? ఆఁ, చొక్కా. ఆవిడకి కడుపులో గడ్డ లేచింది. డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి గుసగుసగా చెబుతుంటే, లోపల్నుంచి, "నాకే చెప్పండి బాబూ" అని పిలిచి అడిగేసింది. ఇక చూడు. పలకరింపుకొచ్చినవాళ్ళు, "ఏం కాదమ్మా, తగ్గిపోతుంది" అంటారు గదా, అంటే ఈవిడ నింపాదిగా, "తగ్గదని చెప్పారండీ, కూర్చోండి" అనేది. పళ్ళ సంచీ ఎక్కడ పెట్టాలో తెలీక వాళ్ళు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ సంగతి సరే, మా అన్నయ్య? పొద్దున్నే మంచం పక్కన కూర్చుని, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. "నిన్నటికంటే బాలేదండీ." ఆ మాట వినడం, కంచం ముందు నుంచి లేచిపోవడం. మనిషి చిక్కి సగమయ్యాడు. ఆవిడ పోతుంటే ఆవిడ వెనకే ఈయనా పోయేలా ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. కాస్త నయంగా ఉందంటే నోరేమన్నా అరిగిపోతుందా?

చివరికి ఓ శుక్రవారం, నేనూ అక్కడే ఉన్నాను, గుమ్మానికి ఆనుకుని. అన్నయ్య అడిగాడు, "ఎల్లుండి గుడిలో బల్ల ఉంది. నాతో వస్తావా?" అని. చిన్నపిల్లాడిలా అడిగాడురా. ఆవిడ ఆయన వంక చూసింది. తర్వాత కొక్కేనికి వేలాడుతున్న ఆయన తెల్ల చొక్కా వైపు చూసింది. "ఆదివారం మీ చొక్కా నేనే ఇస్త్రీ చేస్తాను. వెళ్ళి అన్నం తినండి" అంది. తలగడ మీద నుంచి తల ఎత్తలేని మనిషి. అన్నయ్య లేచి వెళ్ళి కడుపునిండా తిన్నాడు, రెండోసారి అడిగి పెట్టించుకుని మరీ. హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఈవిడ మనుషుల్లో పడింది అనుకున్నాను.

మర్నాడు పొద్దెక్కకుండానే పోయింది.

ఆదివారమే మట్టి. నేను పెట్టెలో బొగ్గులేసి, ఆ తెల్ల చొక్కా బల్ల మీద పరిచాను. అన్నయ్య వచ్చి లాగేసుకున్నాడు. "తను చేస్తానంది" అన్నాడు. "అన్నయ్యా, వదిన పోయింది" అన్నాను. "చేస్తానంది. చేస్తానన్నది ఎప్పుడైనా మానిందా?" అని అలాగే తొడుక్కుని సమాధి దగ్గరికి నడిచాడు. అప్పటికేదో దుఃఖంలో ఉన్నాడని ఊరుకున్నాను. కానీ ఆ తర్వాత కూడా అంతే. ఉతుకుతాడు, ఆరేస్తాడు, నలిగింది నలిగినట్టే తొడుక్కుని గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. అలాంటి దర్జీకి ఎవడిస్తాడు కోటు గుడ్డ? సంఘకాపరి కూడా వచ్చి నచ్చజెప్పాడు. "ఆవిడ పునరుత్థానం సంగతి చెప్పి ఉంటుంది" అన్నాడు. "అక్కడ ఇస్త్రీపెట్టె ఉంటుందా అయ్యగారూ?" అన్నాడు మీ తాత. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

మీ అమ్మ పెళ్ళి రోజు ఇక ఊరుకోలేక పట్టుకున్నాను. "ఆవిడ నీ చేత నాలుగు ముద్దలు తినిపించడానికి అబద్ధం ఆడిందన్నయ్యా, అది కూడా అర్థం కాదా నీకు?" అన్నాను. ఆయన నా కాలరు సరిచేస్తూ, "ఇంకొకళ్ళు చేస్తే అది అబద్ధమవుతుందిరా. చెయ్యనంతకాలం ఆలస్యమే" అన్నాడు. మన దుకాణం మాటే, నాకే అప్పగించాడు. ఏమంటావ్ ఆ మనిషిని? ఇద్దరూ ఇద్దరే. జీవితం మొత్తంలో ఒక్క అబద్ధమాడి, దాన్ని నమ్మేవాడికే చెప్పిందావిడ. చెప్పింది అబద్ధమని ఎవర్నీ అననివ్వలేదీయన.

ఆయన పోయినప్పుడు మీ అమ్మే ఆ తెల్ల చొక్కా తెచ్చిచ్చింది, "బాబాయ్, ఇప్పుడైనా ఇస్త్రీ చెయ్యి" అని. అప్పటికి కరెంటు పెట్టె వచ్చింది. వేడెక్కింది. నీళ్ళు చిలకరించాను కూడా. ఎన్నేళ్ళుగా నా చేతులు ఆ చొక్కా కోసం దురద పెట్టాయో నీకేం తెలుసు. బల్ల మీద పరిచి, కాలరు పట్టుకుని...

చెయ్యలేదు. స్విచ్ తీసేశాను. ఆవిడ పని ఆవిడే చేసుకుంటుందిలే అని అలాగే తొడిగి పంపాను.

ఆ ఫ్యాను కాస్త పెంచు. ఏంటి, వెళ్తావా? నీ ప్యాంటు... రేపు రాకులే. ఇంకా కత్తిరించలేదు.