ఎరుపు ఎర్రగా కనపడే చలవద్దాలు

"నాయనమ్మా, కారు తోలేటప్పుడు ఎండకి కళ్ళు తెరవలేకపోతన్నా. చలవద్దాలు కొనుక్కుంటా. బాగా నల్లటివి తీసుకోనా?"

నల్లటివా? ఆగాగు. ఇట్టా కూచో. ఆ మాట మీ తాతని అడగాల్సింది, ఆయన లేడాయె. నాకు తెలిసింది నే చెప్తా.

తెల్లోళ్ళ కాలంలో యుద్ధం నడిచే రోజులమ్మా. పెట్రోలు దొరకదు. బస్సుకి వెనకాల పొయ్యి లాంటిది కట్టి, బొగ్గేసి నడిపేవోళ్ళు. మీ తాత అట్టాటి బొగ్గు బస్సుకి డ్రైవరు, నరసరావుపేట నుంచి మాచర్లకి. నాకు పెళ్ళయి ఏడాది... కాదు కాదు, రెండో ఏడు. మధ్యాన్నం బయల్దేరితే పొద్దు మొహానికి ఎదురు. పిడుగురాళ్ల వచ్చేసరికి రోడ్డంతా సున్నపు దుమ్ము, పిండి ఆరబోసినట్టు. ఆ తెలుపు మీద ఎండ పడితే చూడగలమా చెప్పు? ఇంటికొచ్చేటప్పటికి ఆయన కళ్ళు నిప్పులే. నందివర్ధనం పూలు తడిపి కళ్ళ మీద పెట్టేదాన్ని. పూలు వాడిపోయేయి గానీ మంట తగ్గేది కాదు. "చూపు మసకేస్తందే. ఓనరుకి తెలిస్తే బస్సు దింపేస్తాడు, ఎవరితోనూ అనబాక" అనేవాడు. ఆయనకి ఇంకో పని రాదు. నాకా, అక్షరమ్ముక్క రాదు. నలభై దాటాక గదా నేర్చుకుంది! ఆ రెండు కళ్ళే మా ఇద్దరికీ ఆధారం.

ఓ రోజు పేట బజార్లో చలవద్దాలు కొనుక్కొచ్చాడు. చిక్కటి ఆకుపచ్చవి. ఎంత పచ్చనైతే అంత చలవని అందరం అనుకునేవాళ్ళం. రూపాయిన్నరో రెండో అయ్యుంటయ్... పెట్టుకుంటే, అబ్బ, దొరబాబే! వీధిలో ఆడోళ్ళు "ఏమే, మీ ఆయన ఇంక మమ్మల్ని గుర్తుపడతాడా?" అని ఒకటే ఎకసెక్కాలు. నేనూ మురిసిపోయా.

ఆ వారంలోనే మాచర్ల మా పుట్టింటికని ఆ బస్సే ఎక్కా. ఆయన వెనక బల్ల మీదే కూచున్నా. పిడుగురాళ్ల దాటాక, సున్నపురాయి తవ్వే చోట, ఓ మనిషి రోడ్డు పక్కన నిలబడి ఎర్రగుడ్డ ఊపుతన్నాడు. రాయి పేల్చటానికి మందు పెట్టారని గుర్తు అది. బస్సు ఆగదే! "ఏమండీ, ఏమండీ" అన్నా. ఆ ఇంజను రొదలో ఏం వినపడుద్ది? మొగుణ్ణి పేరు పెట్టి పిలవటం ఎరగమాయె. నోటికొచ్చినట్టు, "ఓ డ్రైవరూ! ఆపవయ్యా బండి!" అని అరిచా.

ఆపాడు. ఆగీ ఆగకముందే ఢామ్మని పేలింది. మా ఎదురుగా, రోడ్డు మీద, బిందెలంతేసి రాళ్ళు వచ్చి పడ్డయ్. బస్సులో జనమంతా లేచి ముందుకి తొంగి చూశారు. తర్వాత ఓ ముసలాయన "ఎవురమ్మా నువ్వు, డ్రైవర్ని అట్టా గదమాయించావు?" అన్నాడు. "ఆయన పెళ్ళాన్నే" అన్నా. ఇంక చూడు నవ్వులు!

ఆయన నవ్వలా. "ఎర్రగుడ్డా? నాకు నల్లగా కనపడిందే. ఎవడో తువ్వాలు దులుపుకుంటన్నాడనుకున్నా" అన్నాడు. ఆ అద్దాలు తీసుకుని నేను పెట్టుకు చూశా. నా చేతి ఎర్రగాజులు బొగ్గుముక్కల్లా ఉన్నయ్యమ్మా. ఆయన అద్దాలు జేబులో పెట్టుకుని, కళ్ళు చికిలించుకుంటానే మాచర్ల దాకా తోలాడు. నేను దిగేటప్పుడు "తిరిగొచ్చాక కొట్టుకి నువ్వూ రా" అన్నాడు.

పోయినాం. కొట్టాయన వరసగా అద్దాలు తీస్తన్నాడు, ఈయన పెట్టుకుంటన్నాడు, నేను గాజుల చెయ్యి ముందు పెడతన్నా.

"ఇప్పుడు ఏ రంగు?"

"నేరేడు పండు."

"తీసెయ్యండి. ఇప్పుడు?"

"ఇటిక రంగు."

"తీసెయ్యండి."

"ఏందమ్మా, అద్దాలు మీ ఆయనకా, నీ గాజులకా?" అన్నాడు కొట్టాయన. నేను సిగ్గుపడలేదు, ఏమనుకున్నావ్! ఆఖరికి పొగరంగువి పెట్టుకున్నాక "ఎరుపు. ఎరుపేనే!" అన్నాడు మీ తాత. అప్పుడు కొట్టాయనే ఇంకో సంగతి చెప్పాడు. అద్దాన్ని చెయ్యి చాపి పట్టుకుని, దాంట్లోంచి తలుపు చట్టం చూస్తా అటూ ఇటూ కదపాలంట. చట్టం నీళ్ళలో నీడలా వంకర్లు పోతే ఆ అద్దం తలనొప్పి తెచ్చుద్దంట. అట్టా రెండు వదిలేసి మూడోది తీసుకున్నాం.

నువ్వూ అంతే చెయ్యమ్మా. ఎర్రదేదన్నా కట్టుకునే పో. ముందు బండి వెనక ఎర్రలైటు ఎర్రగా కనపడాలి, అదీ ముఖ్యం. నలుపెక్కువైతే చెట్టు నీడలో నడిచే మనిషి కూడా కనపడడు.

మీ తాత చూపు నిలబడిందమ్మా. బస్సు మానుకున్నాక కూడా, నాకు చత్వారం వచ్చి తడుముకుంటంటే, సూదిలో దారం ఆయనే ఎక్కించి ఇచ్చేవాడు. "ఇందా, పట్టుకో" అని... ఒక్కసారికే ఎక్కేది...

సర్లే, పోయిరా తల్లీ. నీ కళ్ళు చల్లగుండ. నిదానంగా తోలుకో.