ఎడమ పక్క సున్నం

ఇంకెన్నిసార్లు అంటావు ఖలందర్ మామా ఆ మాట! తప్పయిపాయ, తప్పయిపాయ అని. పొద్దున్నించి ఈ ఆస్పత్రి బెంచీ మీద కూసోని అదే పాట. నర్సమ్మ గూడా చూస్తాంది. ఆ చీనీకాయల సంచి కింద పెట్టు ముందు. సింహాద్రిపురం నించి ప్రొద్దుటూరు దాకా బస్సులో నిలబడే వచ్చినావంట గదా, ఈ వయసులో!

పాప లోపల పండుకోనుండాదిలే. సూది ఏసినారు, నిద్రపోతాంది.

డాక్టరా? ఏం చెప్తాడు? మోకాలి చిప్ప పగిలిందంట, లోపల లిగమెంటు గూడా తెగిందంట. నడుస్తాది అన్నాడు. పరిగెత్తుతాదా సార్ అంటే కాగితాలు తిప్పుకుంటా కూసున్నాడు. ఇరవై రోజుల్లో పోలీసు సెలెక్షను మామా! రాత పరీక్ష పాసయింది, ఒక్క పరుగే మిగిలింది మా పాప రాధికకు. అది పోయిందని దానికింకా తెలీదు. నేనెట్ల చెప్పేది?

ఊరంతా నిన్నే అంటాండారు, నాకు తెలీదా? కమిటీ వాళ్లు, నా పెండ్లాం వనజ, అందురూ. ఖలందర్‌కు కండ్లల్లో పొర, దోవ గుర్తులు ఒకపక్క పెట్టబోయి ఇంకోపక్క పెట్టినాడు అని. తిరనాళ్ల పరుగుకు కొండ మీద సున్నం పెట్టేది మీ నాయన తర్వాత నువ్వే గదా, ముప్పై ఏండ్ల నించి. వచ్చే ఏడు నీకు బకెట్టు ఇయ్యరంట. నువ్వు గూడా దాన్నే నమ్ముతాండావు చూడు, అదీ నాకు... ఏంలేదులే. నీళ్లు తాగు.

పోయినేడు ఏమైంది? మొగపిల్లోళ్లందరి కంటే ముందర దిగింది పాప. అవునా కాదా? గుర్తులు వదిలిపెట్టి మేకల దోవన వచ్చిందని కమిటీ వాళ్లు లెక్కలోకే తీసుకోకపోయిరి. మైకులో వేరే పిల్లోని పేరు చదివిరి. ఆ పొద్దు నాకు ముద్ద దిగలే. మీసం తిప్పుకోని తిరిగే ఈ నాగేంద్ర తల దించుకోని ఇంటికి పాయ! పాపకేం లేదు, పోనీలే నాయనా అని నవ్వింది. నాకే పట్టింది పిచ్చి.

ఈ ఏడు అది వద్దనే అనింది మామా. సెలెక్షను దగ్గర పడింది, ఇప్పుడు కొండెందుకు నాయనా అనింది. నేను వింటే గదా! ఊరి ముందర నీ పేరు మైకులో చదవాల్సిందే అంటి.

రెండు గుండ్ల కాడ దోవ చీలుతాది గదా. ఏటా పరుగు కుడి పక్కనే, రాళ్లు మెట్ల మాదిరి ఉంటాయి. ఎడమ పక్కంతా నున్నటి బండ. మొన్న ఆదివారం పాపే అందరికంటే ముందు ఆ గుండ్ల కాడికి చేరింది. నేను కింద నించి చూస్తాండా. రవ్వంత సేపు నిలబడి సున్నం యాడుండాదా అని చూసింది. ఎడమకు తిరిగింది. కుడికమ్మా, కుడికీ అని గొంతు చించుకున్యా. ఆ డప్పుల్లో యాడ వినపడతాది? బండ మీద కాలు జారిపాయ. ఎనక వచ్చే పిల్లోళ్లు అది చూసి కుడికి మళ్లినారు. ఒక్కరికీ గీత గూడా పడలే.

ఏంది, అట్ల చూస్తాండావు?

నీ కండ్లకేం కాలేదు మామా. నువ్వు కుడి పక్కనే పెట్టినావు, సక్కంగా. శనివారం సందేళ కొండ దిగి, మిగిలిన సున్నం బకెట్టు కొండ కింద మా చేని మోటారు కొట్టంలో పెట్టి పోలా నువ్వు? నువ్వట్ల పోతానే నేను కొండ ఎక్కినా. తడి గోనెపట్టతో నీ గుర్తులన్నీ తుడిచినా. ఎడమ పక్క పెట్టినా. నేనే.

బయటి ఊర్ల నించి వచ్చిన పిల్లోళ్లు సున్నాన్ని నమ్మి పోతారు, బండ కాడ తడబడి ఎనక్కి వస్తారు, అంతే అనుకుంటి. మా పాపకు గుర్తులెందుకు, ఆ దోవ కండ్లు మూసుకోని పోతాది అనుకుంటి. దానికి చెప్పలే. చెప్పుంటే పరిగెత్తేదే కాదు, అట్లాంటి పిల్ల అది. పోయినేడు తిన్న దెబ్బకు ఈసారి సున్నం చూడంది అడుగు ఎయ్యదని నా బుర్రకు తట్టనే లేదు గదా!

కొట్టు మామా. ఊరికే చూడొద్దు, కొట్టు.

లేచి యాడికి? కమిటీ కాడికా? చెప్పే హక్కు నీకుండాది, కాదనను. కానీ కూసో. నీ కాళ్లు పట్టుకుంటా, కూసో.

దానికి పరుగు ఎట్లాగూ పాయ. నాయన గూడా పోతే ఇంకేం మిగులుతాది చెప్పు? ఆ తప్పు నీమీదనే ఉండనీ మామా. నీమీద దానికి కోపం గూడా లేదు, ముసలాయన పాపం అనింది. నన్ను అట్ల అనదు. నా మొగమే చూడదు.

అవును, సిగ్గు లేదు నాకు. ఉంటే ఆ పని చేస్తానా?

అగో, లేసినట్లుండాది. నాయనా అంటాంది. నువ్వు పో మామా ముందర. నేను ఈ చీనీకాయల సంచి ఎత్తుకోని ఎనక వస్తా.