ఆమె పాటకు ఆమే కోరస్

విజయనగరంలోని ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో, ముప్పై ఏళ్లుగా పాప్ పాటలు పాడుతున్న గాయని తన కొత్త ఆల్బమ్‌లోని మొదటి పాట విని, హెడ్‌ఫోన్లు ఊడబెరికింది. ఎదురుగా, సంగీతం కూర్చిన మేనల్లుడు కూర్చున్నాడు.

“ఏట్రా ఇది? కోరస్‌లో ఉన్నవి ఎవుల గొంతులు?”

“అన్నీ నీయే అత్తా. నీ గొంతునే కంప్యూటర్‌లో పది గొంతులు సేసినాను.”

“మరి కోరస్‌కని నేను ఎంట తెచ్చిన ఆడోల్లేరి?”

“బయట ఆటోలో కూకోమన్నాను. ఆల్లు శ్రుతిలో పాడరు, అరుస్తారు.”

“సేపలమ్మినోల్లు అరవక గుసగుసలాడతారేటి? ఆల్లు నేకండా నేనొక్క కేసెట్టయినా సేసినానా?”

“అప్పుడు కంప్యూటర్లు నేవు కదా. ఇప్పుడు ఎవులికీ తేడా తెలీదత్తా.”

“నాకు తెలస్తాది! ఇది సేపల బజార్లో పోటీ పాటరా. నా సేప ఇంకా గెంతతన్నాదని నేను పాడితే, నీది మొన్నటి సేపేనని ఆల్లు నా మీదకి రావాల. అప్పుడు కదా నాకు రోసమొచ్చి గొంతు లెగుస్తాది!”

“ఆ మాట కూడా నీ గొంతుతోనే పెట్టినాను. ఎంత కమ్మగా ఉన్నాదో!”

“కమ్మగానా? నాది మొన్నటి సేపని నేనే కమ్మగా పాడుకుంతానా? సిగ్గు నేదా నీకు?”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. విసురుగా లేచి వెళ్లి, బయటి చప్పుడు రాకుండా బిగించిన ఆ బరువైన తలుపును బార్లా తెరిచి, ఆటోవైపు కేకేసింది.

“ఒసే, రండే లోపలికి! నన్ను తిట్టడానికి ఇక్కడ ఒక్కర్తీ నేదు!”