విప్పని జడ

కరోనా రెండో ఏడు. సూరత్ పక్కన కడోదరాలో మరమగ్గం నడిపే అతను, ఆస్పత్రి వార్డులో ఉన్న భార్యతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"బిడ్డ తల దువ్వినవా?"

"ముట్టనిస్తలేదు. మెత్తటి ఎంటికెలాయె, అంత చిక్కులు పడ్డయి."

"నూనె వెట్టి, కొసలకెళ్ళి మెల్లగ దువ్వు. మగ్గం మీద తెగిన పోగులు ముడేస్తవ్, గింత చిక్కు తియ్యరాదా?"

"నువ్వెక్కువ మాట్లాడకు, దమ్మొస్తది. ఆస్పత్రికి పోయేనాడు నువ్వేసిన జడనే అది. అమ్మొచ్చి విప్పాలె అంటది."

"పిచ్చిది! పండుకున్నంక విప్పరాదు?"

"రోజు దువ్వెన పట్టుకొని పక్కన కూసుంట."

"కూసుండి?"

"నాకే విప్పబుద్ధయితలేదు."